వానకు, చెమటకు నడుమ ఒక పలుచని జర్కిన్



తొలకరి దగ్గరపడే రోజుల్లో సైకిలు వాడే ప్రతి ఇంట్లోనూ ఒక ఖర్చు ప్రస్తావనకు వస్తుంది. బడికి వెళ్ళే అమ్మాయికో, మదర్సాకు వెళ్ళే అబ్బాయికో, షిఫ్టు పనికి వెళ్ళే ఇంటి పెద్దకో ఒక రెయిన్‌కోటు కొనాలి. కొంటారు. పక్షం రోజులు తిరగకముందే అది తలుపు వెనుక మేకుకు వేలాడుతూ కనిపిస్తుంది. ఎందుకు వేసుకోవడం లేదని తల్లి అడిగితే, "అమ్మీ, అది వేసుకుంటే వానకు తడవను, చెమటకు తడుస్తాను" అంటాడు కొడుకు. తల్లికి అది సాకుగా తోస్తుంది. ఆ మాటలో సాకు కన్నా సత్యమే ఎక్కువ. ఆ సత్యాన్ని తెలుసుకోకుండా కొన్న కోటుకు పెట్టిన డబ్బు వృథా అవుతుంది, పిల్లవాడు మాత్రం తడుస్తూనే ఉంటాడు.

ఈ నెల ఆ విషయాన్నే వివరంగా ముచ్చటించుకుందాం. ముందుగా ఒక పదం గురించి. ఆంగ్లంలో ఈ దుస్తుకు జాకెట్ అని పేరు. మన తెలుగు ఇళ్ళలో ఆ మాటకు స్త్రీలు ధరించే రవిక అన్న అర్థం స్థిరపడిపోయింది. బజారులో పైకోటును జర్కిన్ అంటారు, గాలిని ఆపే పలుచని రకాన్ని విండ్‌షీటర్ అంటారు. ఈ వ్యాసంలోనూ ఆ మాటలే వాడుతున్నాను.

మన ప్రాంతపు వాతావరణం

శ్రీరాంపూర్‌లో నివసించేవారికి వాతావరణ మార్పును గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. వేసవిలో ఇక్కడా, గోదావరికి ఆవల రామగుండంలోనూ ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటిన రోజులు అందరికీ అనుభవమే. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున అదే ఊళ్ళో పది డిగ్రీల చెంతకు చేరిన చలిలో మంచు కమ్ముకొని ఎదుటి మనిషి కనిపించడు. జూన్ నడుమ నుంచి సెప్టెంబరు చివరి దాకా వర్షాలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అకస్మాత్తుగా ఈదురుగాలి లేచి వడగళ్ళు కురిసే సాయంత్రాలు. ఒకే రోజున కూడా ఉదయం ఒక ఋతువు, మధ్యాహ్నం మరొక ఋతువు.

వీటన్నిటికీ తోడు, బొగ్గు బాయి మీద బతికే ఊళ్ళకు మాత్రమే తెలిసిన మరో ఋతువు ఉంది. భూమి పైన చలికాలమైనా, భూగర్భ గనిలో పని స్థలాలు వెచ్చగా, తేమగా ఉంటాయి. ఆర్కే బాయిల్లోనో, ఇందారం వైపు ఐకే-1ఏలోనో రెండో షిఫ్టు చేసిన కార్మికుడు ఎనిమిది గంటల చెమటతో పైకి వస్తాడు. పైన డిసెంబరు రాత్రి అతని కోసం కాచుకొని ఉంటుంది. తడిసిన బనియనుతోనే సైకిలెక్కి నస్పూర్ సీసీసీ వైపో, మంచిర్యాల వైపో తొక్కడం మొదలుపెడితే, పది నిమిషాల్లో ఒళ్ళు వణుకుతుంది. పర్మినెంటు ఉద్యోగుల్లో చాలామంది మోటారు సైకిళ్ళకు మారినా, కాంట్రాక్టు కార్మికులు, చిన్న దుకాణాల్లో పనిచేసేవారు, విద్యార్థులు నేటికీ సైకిలునే నమ్ముకున్నారు. మంచిర్యాల నుంచి శ్రీరాంపూర్, ఇందారం, జైపూర్ మీదుగా చెన్నూరుకు పోయే జాతీయ రహదారిపై బొగ్గు లారీలు, టిప్పర్ల పక్కనే వారి చక్రాలు తిరుగుతుంటాయి. కనుక వీరి విషయంలో జర్కిన్ ఎంపిక అలంకారానికి సంబంధించినది కానే కాదు. ఆరోగ్యానికీ, కొన్నిసార్లు ప్రాణానికీ సంబంధించిన సంగతి.

చలి, చెమట ఎక్కడి నుంచి వస్తాయి?

సైకిలు తొక్కేవాడి శరీరం ఒక పొయ్యి వంటిది. కండరాలు ఖర్చు చేసే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే చక్రాన్ని తిప్పుతుంది. మిగిలిన మూడు వంతులు వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి సృష్టికర్త చెమట అనే ఏర్పాటు చేశాడు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తనతో తీసుకుపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ కోటు ఆ ఆవిరిని లోపలే బంధిస్తుంది. ఆవిరి కోటు లోపలి వైపు చల్లబడి నీటి బిందువులుగా మారుతుంది, చొక్కా తడిసిపోతుంది. కోటుకు చిల్లు పడిందేమోనని ఇంట్లోవారు వెతుకుతారు. చిల్లు లేకపోవడమే అక్కడి చిక్కు.

చలికాలంలో కథ మరోలా నడుస్తుంది. నిలబడినవాడికి గాలి లేని చోట కూడా, కదిలే సైకిలు మీద ఉన్నవాడికి ఎదురుగాలి పుడుతుంది. పది డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే, ఒంటికి అది దాదాపు ఏడు డిగ్రీల చలిగా తెలుస్తుంది. అప్పటికే బట్ట తడిసి ఉంటే ఇబ్బంది ఎన్నో రెట్లు పెరుగుతుంది. కదలని గాలితో పోలిస్తే నీరు సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. చలికి కొయ్యబారిన వేళ్ళు బ్రేకును సరిగా పట్టలేవు. అందువల్ల ఈ బాధ ఒళ్ళు వణకడంతో ముగిసేది కాదు.

దీని నుంచి మొదటి సూత్రం తేలుతుంది. జర్కిన్ కన్నా ముందు లోపలి బట్టను చూడాలి. నూలు బనియను చెమటను పీల్చుకుని గంటల తరబడి పట్టి ఉంచుతుంది. బాయి దిగిన కార్మికుడు స్నానపు గదులు ఉన్నచోట ఒళ్ళు కడుక్కొని, లేనిచోట కనీసం తువ్వాలుతో తుడుచుకొని, సంచిలో తెచ్చుకున్న పొడి బనియను తొడుక్కొని, ఆ తరువాతే జర్కిన్ వేసుకోవాలి. తడి బట్టపై ఎంత ఖరీదైన కోటు వేసినా అది తడికి కప్పిన మూత మాత్రమే. జర్కిన్‌ను దారికోసమే ఉంచుకోవాలి. గనిలోకి ఏ దుస్తులతో దిగాలో అక్కడి రక్షణ నిబంధనలే నిర్ణయిస్తాయి.

గొంగడి నుంచి గోర్‌టెక్స్ దాకా

వానను, చలిని ఎదుర్కోవడానికి మన తెలంగాణ పల్లెకు తనదైన ఉపాయం ఉండేది. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన నల్ల గొంగడిని కొప్పెరగా మడిచి తలపై వేసుకుంటే గొర్లకాపరి రోజంతా వానలో నిలబడగలిగేవాడు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. దాని బరువే దాని లోపం. నీరు పట్టిన గొంగడితో సైకిలు తొక్కడం ఎవరి తరమూ కాదు. తరువాతి కాలంలో యూరియా సంచిని మడిచి కొప్పెర చేసుకున్న రైతు, పైసా ఖర్చు లేకుండా ప్లాస్టిక్ యుగంలోకి అడుగుపెట్టాడు.

పాశ్చాత్య దేశాల్లో 1823లో చార్లెస్ మాకింటాష్ అనే స్కాట్లండు రసాయనవేత్త రెండు బట్టల నడుమ రబ్బరు పొరను అతికించి నీరు దిగని గుడ్డకు పేటెంటు పొందాడు. తొలినాటి ఆ కోట్లు ఎండకు జిగటబారేవి, చలికి బిరుసెక్కేవి, దుర్వాసన వేసేవి, చెమటను ఏమాత్రం వదిలేవి కావు. కలకత్తా నుంచి వచ్చిన డక్‌బ్యాక్ రబ్బరు కోట్లు మన దేశంలో తరతరాలకు పరిచయం. వాన విషయంలో వాటిని నమ్మవచ్చు, చెమట విషయంలో నమ్మలేము.

ఈ చిక్కుముడి విడిపోయే దారి 1969లో కనిపించింది. అమెరికాలో రాబర్ట్ గోర్ అనే ఇంజనీరు టెఫ్లాన్ జాతి పదార్థపు కడ్డీని వేడిచేసి ఒక్కసారిగా లాగినప్పుడు, అది తెగిపోకుండా ఎన్నో రెట్లు సాగి, కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలతో నిండిన పొరగా మారింది. ఆ రంధ్రాలు నీటి బిందువు కన్నా వేల రెట్లు చిన్నవి, నీటి ఆవిరి అణువు కన్నా వందల రెట్లు పెద్దవి. అంటే చినుకు లోపలికి రాలేదు, చెమట ఆవిరి బయటికి పోగలదు. గోర్‌టెక్స్ అన్న పేరుతో ప్రసిద్ధమైనది ఇదే. నేడు ఆ తరహా పొరలు అనేక కంపెనీల నుంచి, అనేక ధరల్లో దొరుకుతున్నాయి.

అయితే ఇక్కడ మన ప్రాంతపువారు గమనించవలసిన ఒక సూక్ష్మం ఉంది. ఆవిరి లోపలి నుంచి బయటికి పోవాలంటే లోపల తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. ఆ తేడాయే ఆవిరిని నెడుతుంది. చలిదేశాల్లో బయటి గాలిలో ఆవిరి తక్కువ కనుక ఆ పొర చక్కగా పనిచేస్తుంది. జూలై నెల గోదావరి తీరాన బయటి గాలి కూడా వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. నెట్టే శక్తి తగ్గిపోతుంది. అంచేత వేలు పోసి కొన్న జర్కిన్ కూడా మన వానకాలంలో దాని ప్రకటనలో చెప్పినంతగా చెమటను వదలదు. మనకు పొర గొప్పతనం కన్నా గాలి ఆడే కిటికీలు ముఖ్యం. చంకల కింద జిప్పులు, వీపు మీద మడత కింద దాగిన జాలి, ముందు భాగంలో రెండు వైపుల నుంచీ తెరుచుకునే జిప్పు ఉన్న సాధారణ కోటు, అవి లేని ఖరీదైన కోటు కన్నా ఇక్కడ మేలైనది.

మూడు రకాలు, కొన్ని అంకెలు

దుకాణంలో కనిపించే తేలికపాటి పైకోట్లన్నీ మూడు తరగతుల్లోకి వస్తాయి.

మొదటిది గాలిని ఆపేది, అంటే విండ్‌షీటర్. దట్టంగా నేసిన నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డ. వంద గ్రాముల చుట్టుపక్కల బరువు ఉండేవీ దొరుకుతాయి. పిడికిలిలో పట్టేంతగా మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకోవచ్చు. తెల్లవారుజాము చలికి, రాత్రి షిఫ్టు తిరుగు ప్రయాణానికి ఇది చాలు. వానకు మాత్రం నిలవదు.

రెండవది నీటిని జార్చేది. అదే గుడ్డకు పైన ఒక పూత ఉంటుంది, చినుకులు తామరాకు మీది బిందువుల్లా దొర్లిపోతాయి. తుంపరకు, పది పదిహేను నిమిషాల చిరుజల్లుకు సరిపోతుంది. పూత అరిగేకొద్దీ గుణం తగ్గుతుంది.

మూడవది నీటిని పూర్తిగా ఆపేది. లోపల పొర ఉంటుంది, కుట్ల మీద టేపు అతికించి ఉంటుంది. బరువు, ధర, చెమట మూడూ ఎక్కువే.

లేబుల్ మీద కనిపించే అంకెలకు అర్థం తెలిస్తే అమ్మేవాడి మాటల మీద ఆధారపడనక్కరలేదు. 5000 మి.మీ. అని ఉంటే, ఆ గుడ్డ మీద ఐదు మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలిపినంత ఒత్తిడి వరకు నీరు దిగలేదని అర్థం. 1500 ఉన్నది చిరుజల్లుకు, 5000 ఉన్నది మామూలు వానకు, 10000 ఉన్నది గంటల తరబడి కురిసే వానకు, భుజాన సంచి పట్టీ నొక్కే చోట్లకు తగినది. రెండో అంకె గ్రాముల్లో ఉంటుంది. ఒక చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరిని వదలగలదో అది చెబుతుంది. 10000 అన్నది పెద్ద సంఖ్యలా తోస్తుంది. ఇరవై నాలుగుతో భాగిస్తే గంటకు నాలుగు వందల గ్రాముల చిల్లర. ఉక్కపోతలో గట్టిగా సైకిలు తొక్కే యువకుడు గంటలో దాదాపు లీటరు చెమట కార్చగలడు. పైగా ఆ కొలత ప్రయోగశాలలో తీసినది. ఈ లెక్క ఒక్కటి వేసుకుంటే, జాలీ, జిప్పులు ఎందుకు అవసరమో ఇట్టే బోధపడుతుంది.

ఇక ఏది కొనాలి? మీ ప్రయాణ సమయాన్ని బట్టి నిర్ణయించుకోండి. అరగంట లోపు దారిలో, వెచ్చని వానకాలపు పగటిపూట అయితే, తడవడాన్ని అంగీకరించి, త్వరగా ఆరే చొక్కా వేసుకొని, మారు దుస్తులను పాలిథిన్ కవరులో చుట్టుకుని వెళ్ళడం ఎంతో తెలివైన పని. పుస్తకాలకు, ఫోనుకు మాత్రం నీరు దిగని సంచి తప్పనిసరి. అరగంటకు మించిన దారి అయినా, రాత్రిపూట అయినా, గాలి ఆడే రెయిన్‌కోటు కావాలి. సంవత్సరం మొత్తానికి ఒక్కటే కొనగలిగిన కుటుంబం రెండో రకాన్ని, అంటే నీటిని జార్చే విండ్‌షీటర్‌ను ఎంచుకోవడం ఉత్తమం. నాలుగు నెలలు చలికి, తుంపరకు అదే పనికొస్తుంది. కుంభవృష్టి రోజున ఏ చూరు కిందనైనా ఆగవచ్చు. ఏప్రిల్ నెల ఈదురుగాలికి, పిడుగులకు మాత్రం ఏ జర్కిన్ కూడా జవాబు కాదు. సైకిలు దిగి పక్కా కట్టడంలోకి వెళ్ళాలి, చెట్టు కింద నిలబడకూడదు.

ఇంట్లో ఏమీ లేని రోజున పాత ఉపాయం ఒకటి ఉంది. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ సైకిలు పందెంలో కొండ దిగే వేళ పోటీదారులు చొక్కా కింద, రొమ్ము మీద వార్తాపత్రిక పరుచుకొనేవారు. కాగితం ఎదురుగాలిని ఆపుతుంది. మనవాళ్ళూ ఈ పని చేయవచ్చు. అల్లాహ్ నామమో, పవిత్ర వాక్యమో అచ్చయిన పుటలు కాకుండా చూసుకోవడం మన బాధ్యత.

కొలత, కుట్టు

నిలబడి అద్దంలో చూసుకొని కొన్న జర్కిన్ సైకిలు మీద పొట్టిదవుతుంది. హ్యాండిల్ మీదికి వంగినప్పుడు వీపు సాగుతుంది, చేతులు ముందుకు చాస్తాం. అందువల్ల వెనుక భాగం ముందు భాగం కన్నా పొడవుగా ఉండాలి, లేకపోతే వెనుక చక్రం చిమ్మే నీరంతా నడుముకు చేరుతుంది. చేతుల పొడవు మణికట్టును దాటి ఉండాలి. దుకాణంలోనే రెండు చేతులూ ముందుకు చాచి, నడుము వంచి చూడండి. వీపు బిగుసుకోకూడదు, మణికట్టు బయటపడకూడదు. మరీ వదులుగా ఉంటే గాలికి తెరచాపలా ఉబ్బి వేగాన్ని లాగేస్తుంది.

తలకప్పు ఉన్న కోట్ల విషయంలో జాగ్రత్త. తల తిప్పినా కప్పు తిరగకపోతే పక్క నుంచి వచ్చే వాహనం కనిపించదు, వెనుక హారన్ సరిగా వినిపించదు. విడదీయగలిగే కప్పు, లేదా హెల్మెట్ కింద ఇమిడేంత చిన్నది మేలు.

నీరు దిగని కోటు అని చెప్పి అమ్మితే, దాన్ని లోపలి వైపుకు తిప్పి కుట్లు చూడండి. కుట్టు వెంబడి సన్నని టేపు అతికించి ఉండాలి. అది లేకపోతే సూది చేసిన ప్రతి రంధ్రమూ నీటికి ద్వారమే. జిప్పు మీద మడత పట్టీ ఉందో లేదో చూడండి. గుడ్డను నోటికి ఆనించి ఊదండి, గాలి సులభంగా అవతలికి పోతే అది గాలిని ఆపే రకం కాదు.

కనిపించడం కూడా రక్షణే

ఈ వ్యాసంలో ఒక్క భాగాన్నే గుర్తుంచుకుంటానంటే, ఈ భాగాన్ని గుర్తుంచుకోండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే టిప్పర్ ఒక్క సెకనులో 14 మీటర్లు ముందుకు వస్తుంది. డ్రైవరు చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేసేలోపు ఆ సెకను గడిచిపోతుంది. ఆ తరువాతే బండి వేగం తగ్గడం మొదలవుతుంది. నల్లని జర్కిన్ వేసుకొని రాత్రి షిఫ్టు నుంచి వచ్చేవాడు తగ్గించిన హెడ్‌లైటు వెలుగులో కొద్ది పదుల మీటర్ల దూరంలోకి వచ్చాకే కనిపిస్తాడు. వెలుగును తిప్పికొట్టే పట్టీ ఉన్నవాడు వంద మీటర్లకు పైగా దూరం నుంచే కనిపిస్తాడు. ఆ తేడాలోనే ఒక కుటుంబపు భవిష్యత్తు ఇమిడి ఉంది.

బొగ్గు ధూళి కనిపించదని మనవారు నలుపు, ముదురు నీలం రంగులను ఎన్నుకుంటారు. ఆ ఉద్దేశం అర్థం చేసుకోదగినదే. అయినా దారి మీద ఆ రంగులు ప్రమాదకరం. ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి తెలుసుకోవాలి. మెరిసే పసుపుపచ్చ వంటి ఫ్లోరోసెంట్ రంగులు సూర్యకాంతిలోని కంటికి కనిపించని కిరణాలను కనిపించే వెలుగుగా మారుస్తాయి. పగటిపూట, మబ్బు పట్టిన వేళ, సంధ్యవేళ అవి బాగా పనిచేస్తాయి. రాత్రి ఆ కిరణాలే లేవు కనుక ఆ మెరుపూ ఉండదు. రాత్రికి కావలసినది హెడ్‌లైటు వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే పట్టీ. మన దగ్గర దీన్ని రేడియం పట్టీ అంటారు గాని, అందులో రేడియం ధాతువు ఏమీ ఉండదు. జర్కిన్‌లో రెండూ ఉండటం శ్రేష్ఠం. పట్టీ లేని జర్కిన్ ఇంట్లో ఉంటే కొత్తది కొనవలసిన పని లేదు. వాహనాల విడిభాగాల దుకాణంలో దొరికే పట్టీని దర్జీతో వీపు మీద, చేతుల మీద కుట్టించుకోవచ్చు. నీటిని పూర్తిగా ఆపే కోటుకు మాత్రం సూది తగలనీయకుండా, పైన విడిగా వేసుకునే రేడియం కోటు వాడాలి. పైజామా అంచును బిగించే పట్టీ కూడా ఆ రకంది అయితే మరీ మంచిది. పెడల్‌తో పాటు పైకీ కిందికీ కదిలే వెలుగును చూడగానే అది సైకిలని డ్రైవరు గుర్తిస్తాడు.

బొగ్గు ధూళి, బూడిద పేరుకున్న పట్టీ గుడ్డిదవుతుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. ఎంత మంచి జర్కిన్ ఉన్నా సైకిలు వెనుక ఎర్రదీపం ఉండవలసిందే.

మన ఇళ్ళలో వచ్చే సందేహాలు

దుస్తులు అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహాల్లోనివి. సూరా నహల్‌లో, 81వ వాక్యంలో, వేడిమి నుంచి కాపాడే వస్త్రాల ప్రస్తావన వస్తుంది. వేడి దేశపు ప్రజలను ఉద్దేశించినందువల్ల వేడిమి పేరు వచ్చిందనీ, చలి కూడా అందులో ఇమిడి ఉందనీ వ్యాఖ్యాతలు వివరించారు. కాబట్టి శరీరాన్ని వాతావరణం నుంచి కాపాడుకునే ఏర్పాటును లౌకిక వ్యవహారమని తేలికగా తీసివేయనక్కరలేదు.

నైలాన్ మెరుపు చూసి, ఇది పట్టు కోవలోకి వస్తుందా అని కొందరు యువకులు అడుగుతుంటారు. పురుషులకు నిషిద్ధమైనది పట్టుపురుగు నుంచి వచ్చే అసలు పట్టు. నైలాన్, పాలిస్టర్ కర్మాగారంలో రసాయనాలతో తయారైనవి, ఎంత నునుపుగా ఉన్నా ఆ ఆదేశం వాటికి వర్తించదు. వీపు మీద జంతువుల బొమ్మలు, మనుషుల ముఖాలు అచ్చువేసిన జర్కిన్‌లు ఎక్కువగా వస్తున్నాయి. వాటితో మస్జిదులో వరుసలో నిలబడటం వెనుకవారి ధ్యానానికి భంగకరం. సాదా రకమే తీసుకోండి.

ఫజ్ర్‌కు, ఇషాకు సైకిలు మీద వచ్చేవారు చేతుల అంచును గమనించాలి. బిగుతైన రబ్బరు అంచు మోచేతి పైకి జరగదు, వుజూ కష్టమవుతుంది. విప్పి బిగించుకునే వెల్క్రో పట్టీ ఉన్నది సౌకర్యం. దారి బురద చింది బట్టల మీద పడినప్పుడు, అందులో మాలిన్యం స్పష్టంగా కనిపించనంత వరకు, వర్షకాలపు ఇబ్బందిని దృష్టిలో ఉంచుకొని ధర్మవేత్తలు సడలింపు ఇచ్చారు. నమాజు మానుకోవడానికి అది కారణం కారాదు. కాస్త ముందుచూపు ఉంటే నమాజుకు ముందు జర్కిన్ విప్పేయవచ్చు.

పొడవైన కుర్తా జర్కిన్ కింద నుంచి వేలాడి గొలుసులో, చక్రపు పుల్లల్లో చిక్కుకోవడం మదర్సా పిల్లల్లో తరచుగా కనిపించే ప్రమాదం. కుర్తా అంచును నడుము దగ్గర దోపుకోవడమో, తాడుతో బిగించే పొడవాటి జర్కిన్ వాడటమో చేయాలి. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. దుపట్టా, హిజాబు కొసలను జర్కిన్ లోపలికి చేర్చి జిప్పు వేయాలి. సైకిలుకు గొలుసు కప్పు, వెనుక చక్రానికి జాలి బిగించాలి. తుంటి కిందికి దిగే కాస్త వదులైన జర్కిన్ మర్యాదకూ, సౌకర్యానికీ తగినది. ఒంటి చుట్టూ కప్పే రెక్కల రెయిన్‌కోటును సైకిలు మీద వద్దు. గాలికి లేచి ముఖాన్ని కప్పుతుంది, చక్రంలోనూ పడుతుంది.

ధర, సంరక్షణ

తేలికపాటి జర్కిన్ కొన్ని వందల నుంచి అనేక వేల వరకు ఉంటుంది. పేరు పొందిన ముద్ర కోసం ఇంటి బియ్యం డబ్బు కరిగించడం దుబారా. రెండు వానలకే చిరిగిపోయే చవక సరుకును ఏటేటా కొనడం కూడా దుబారాయే, అది మనకు కనిపించదంతే. కుట్లు గట్టిగా ఉన్న, జాలి ఉన్న, పట్టీ ఉన్న మధ్యస్థపు సరుకును కొని, నాలుగైదేళ్ళు నిలుపుకోవడమే మితవ్యయం.

నిలుపుకోవడం అంటే ఉతకడం తెలిసి ఉండటమే. బొగ్గు ధూళి పట్టిన జర్కిన్‌ను ముందు పొడిగా ఉన్నప్పుడే దులపాలి. తడిపి రుద్దితే ధూళి గుడ్డలోకి ఇంకుతుంది. చల్లని నీటిలో, కొద్దిపాటి మృదువైన సబ్బుతో చేత్తో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేలా జాడించాలి. సబ్బు మిగిలిపోతే నీరు గుడ్డకు అంటుకుంటుంది. బట్టలను మెత్తబరిచే సువాసన ద్రవాలు, బ్లీచింగు వాడరాదు. పిండకుండా నీడలో ఆరవేయాలి. మండుటెండ, పొయ్యి వేడి లోపలి పూతను విడదీస్తాయి. తడిగా మడిచి సంచిలో వారాల తరబడి ఉంచితే పూత జిగటబారి పొరలుగా ఊడిపోతుంది. చినుకులు జారడం మానేసినప్పుడు జర్కిన్‌ను పారేయకండి. లేబుల్ అనుమతిస్తే, పైన పలుచని నూలు గుడ్డ పరిచి తక్కువ వేడి ఇస్త్రీ చేస్తే పూత గుణం కొంత తిరిగి వస్తుంది. చిన్న చిరుగులకు అతికించే టేపు దొరుకుతుంది.

పిల్లవాడు ఎదిగిపోయి జర్కిన్ పొట్టిదైతే, ఉతికి, పట్టీ తుడిచి, సైకిలు మీద పనికి వెళ్ళే మరో ఇంటి పిల్లవాడికి ఇవ్వండి. మన వాడల్లో తెల్లవారుజామున ఒంటిమీద ఒక్క చొక్కాతో కాంట్రాక్టు పనికి బయలుదేరేవారు ఎవరో మీకు తెలియకపోదు. చలికాలం రాకముందే, అడిగించుకోకుండా ఇచ్చిన జర్కిన్‌కు విలువ ఎక్కువ.

కోటు కొనడానికి వెళ్ళేముందు, దాన్ని వేసుకోవలసిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకొని మూడు మాటలు అడగండి. ఎంత దూరం పోతావు, ఏ వేళ తిరిగి వస్తావు, ఆ దారిలో ఏ బండ్లు తిరుగుతాయి? కొనవలసిన జర్కిన్ ఏదో ఆ జవాబుల్లోనే తెలిసిపోతుంది. దారిన పోయే ప్రతి బిడ్డనూ అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.